వ్యవసాయానికి పన్ను లేదు.. మరి బ్యాంకు కోసిన పన్ను తిరిగి వచ్చేదెలా?

హుజూరాబాద్, జమ్మికుంట ప్రాంత రైతు వేదికల్లో రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఎవుసానికి పన్ను లేదంటరు కదా, బ్యాంకోళ్లు నా డిపాజిట్ మీద పన్ను ఎందుకు కోసిండ్రు?" పంట దెబ్బతిన్న ఏడాది, పత్తి ధర పడిపోయిన ఏడాది ఈ ప్రశ్న మరింత ఎక్కువగా వస్తుంది. కోసిన సొమ్ము చాలా సందర్భాల్లో మీదే. అయితే అది దానంతట అది తిరిగి రాదు, రిటర్న్ దాఖలు చేసి అడగాలి. ఈ వివరాలు 2025 ఆగస్టు నాటి నిబంధనల ప్రకారం ఇస్తున్నాం.

ఏది వ్యవసాయ ఆదాయం?

పంట అమ్మగా వచ్చిన సొమ్ము, సాగు భూమిపై వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయం కిందికి వస్తాయి. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(1) ప్రకారం వీటికి పన్ను లేదు. పాడి, కోళ్లు, ట్రాక్టర్ లేదా హార్వెస్టర్ కిరాయి, బ్యాంకు వడ్డీ ఇందులోకి రావు. పంట సొమ్మునే డిపాజిట్ చేసినా, దానిపై వచ్చే వడ్డీ వేరే ఆదాయమే.

బ్యాంకు ఎప్పుడు కోస్తుంది?

2024-25లో ఒక బ్యాంకులో డిపాజిట్ల వడ్డీ రూ.40 వేలు (60 ఏళ్లు నిండినవారికి రూ.50 వేలు) దాటితే 10 శాతం పన్ను (టీడీఎస్) కోశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ పరిమితి రూ.50 వేలకు, వృద్ధులకు రూ.లక్షకు పెరిగింది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. డిపాజిట్ గడువు తీరకపోయినా, వడ్డీ చేతికి రాకపోయినా ఏటా లెక్కకట్టి కోస్తారు.

ఉదాహరణకు, బిడ్డ పెళ్లి కోసం దాచిన రూ.8 లక్షలకు 7 శాతం చొప్పున ఏడాదికి రూ.56 వేల వడ్డీ వస్తుంది. కోత రూ.5,600. అంటే నాలుగు డీఏపీ బస్తాల ఖర్చు. పాన్ ఇవ్వకపోతే కోత రూ.11,200. పైగా ఆ సొమ్ము మీ పాన్ మీద జమ కాదు కాబట్టి తిరిగి తెచ్చుకోవడం కష్టమవుతుంది.

ఎవరికి తిరిగి వస్తుంది?

2024-25కు కొత్త పన్ను విధానంలో వ్యవసాయేతర ఆదాయం రూ.3 లక్షలు దాటకపోతే పన్ను లేదు, కోసినదంతా తిరిగి వస్తుంది. సాధారణంగా రూ.7 లక్షల వరకు సెక్షన్ 87ఏ రిబేటు వల్ల పన్ను ఉండదు. ఇతర ఆదాయం రూ.3 లక్షలు దాటితే మాత్రం పన్ను రేటు లెక్కించేటప్పుడు వ్యవసాయ ఆదాయాన్నీ కలుపుతారు.

గల్ఫ్‌లో ఉన్నవారికి

మన ప్రాంతం నుంచి గల్ఫ్ వెళ్లినవారి ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీపై మొదటి రూపాయి నుంచే 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం కోస్తారు. రూ.30 వేల వడ్డీకి రూ.9,360 పోతుంది. వీరికి 87ఏ రిబేటు లేదు. అయితే ఇక్కడి ఆదాయం వడ్డీ మాత్రమే అయి రూ.3 లక్షల లోపు ఉంటే రిటర్న్ వేసి మొత్తం తిరిగి పొందవచ్చు. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు.

దాఖలు చేసే విధానం

1. పాన్‌ను ఆధార్‌తో అనుసంధానించాలి. పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రీఫండ్ రాదు.
2. ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ తీసి, కోసిన పన్ను మీ పేరిట జమ అయిందో లేదో చూడాలి. తేడా ఉంటే ముందు బ్యాంకును అడగాలి.
3. సాధారణంగా వ్యవసాయ ఆదాయం రూ.5 వేలు దాటితే ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2 వేయాలి. పాడి, కిరాణా వంటి వ్యాపారం కూడా ఉంటే ఐటీఆర్-3.
4. నికర వ్యవసాయ ఆదాయం రూ.5 లక్షలు దాటితే భూమి ఉన్న జిల్లా, విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా లేదా అన్న వివరాలు ఇవ్వాలి. పట్టాదారు పాసుపుస్తకం, తక్‌పట్టీలు, ఎరువుల రసీదులు దాచుకోవాలి.
5. రీఫండ్ వచ్చే బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ధ్రువీకరించుకోవాలి.
6. రిటర్న్ వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. చేయకపోతే వేసిన తేదీ చెల్లదు.

2024-25 రిటర్న్‌కు గడువు 2025 సెప్టెంబర్ 16గా ఉండేది. అది దాటినవారు డిసెంబర్ 31 వరకు వేసే వీలుండేది. ఆదాయం రూ.3 లక్షలు మించితే ఆలస్య రుసుము ఉండేది. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో రీఫండ్ అడిగే వీలు లేదు.

ముందే ఆపుకోవచ్చు

ఏడాది మొత్తానికి పన్ను పడదని తెలిస్తే 60 ఏళ్ల లోపువారు ఫారం 15జీ, నిండినవారు 15హెచ్ ప్రతి బ్యాంకులో విడిగా ఇవ్వాలి. ఏప్రిల్‌లోనే ఇస్తే మంచిది. ఇవి ఒక్క ఏడాదికే పనిచేస్తాయి. ఎన్ఆర్ఐలకు వర్తించవు.

కష్టకాలంలో ఎందుకు ముఖ్యం?

2020 లాక్‌డౌన్‌లో కేంద్రం రూ.5 లక్షల లోపు పెండింగ్ రీఫండ్లను వెంటనే ఇవ్వాలని ఏప్రిల్ 8న ప్రకటించింది. మే 14 నుంచి 2021 మార్చి 31 వరకు వడ్డీపై కోతను 10 నుంచి 7.5 శాతానికి తగ్గించింది. రిటర్న్ వేసి ఉన్నవారికే ఆ రీఫండ్ అందింది. పాన్ ఇవ్వనివారికి కోత తగ్గలేదు. కష్టం వచ్చాక కాగితాలు వెతికితే ఆలస్యమవుతుంది.

జాగ్రత్త

రీఫండ్ పెంచి ఇప్పిస్తామని లేని మినహాయింపులు చూపే దళారులను నమ్మవద్దు. నోటీసు వారికి రాదు, మీకే వస్తుంది. పాడి, కిరాయి ఆదాయాన్ని పంట ఆదాయంగా చూపవద్దు. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ ఫోన్‌లో చెప్పవద్దు. సొంతంగా వేయలేనివారు పక్కన కూర్చుని కామన్ సర్వీస్ సెంటర్‌లో గానీ, చార్టర్డ్ అకౌంటెంట్ వద్ద గానీ వేయించుకుని, రసీదు తీసుకోవాలి. సందేహాలకు ఆదాయపు పన్ను శాఖ ఉచిత నంబరు 1800 103 0025.