కోటకు గరుకురాయి, గుడికి నల్లరాయి

బచ్చన్నపేట మండలం కొడవటూరులో సిద్ధులగుట్ట ఎక్కే భక్తులు తొక్కే బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హైదరాబాద్ నుంచి ఓరుగల్లు దాకా నేల అడుగున పరుచుకున్నది చాలావరకు ఈ గ్రానైటే. భూమిలో కిలోమీటర్ల లోతున శిలాద్రవం తాపీగా చల్లారడంతో ఖనిజాలకు తీరిక దొరికి పెద్ద పెద్ద పలుకులుగా పెరిగాయి. పైపొరలు అరిగాక గుట్టలై బయటపడ్డాయి.

కొత్తగా పగిలిన ముక్క చేతిలోకి తీసుకుంటే భూతద్దం అక్కర్లేదు. గులాబి, తెలుపు పలుకులు ఫెల్డ్‌స్పార్. గాజులా మెరిసే బూడిదరంగుది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. నల్లటి రేకులు బయోటైట్ అనే అభ్రకం. మన ఎర్ర చెలకలూ ఈ రాయి చివికి పుట్టినవే. ఫెల్డ్‌స్పార్ బంకమన్నయింది, పలుగు ఇసకగా మిగిలింది, నల్ల ఖనిజాల్లోని ఇనుము తుప్పుపట్టి నేలకు రంగిచ్చింది.

కాకతీయుల శిల్పం గురించి రాసేవాళ్లు రాజులను తలుచుకున్నంతగా ఈ పలుకులను తలుచుకోరు. నా మటుకు నాకు ఆ కథలో సగం వీటిదే. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన ఓరుగల్లు రాతికోట గోడకు గ్రానైటే సరిపోయింది. సున్నం లేకుండా దిమ్మె మీద దిమ్మె పేర్చారు. బరువే వాటిని పట్టి ఉంచింది. కానీ అదే రాయిలో నగల పూస చెక్కాలంటే? పలుగు ఉలికి లొంగదు, ఫెల్డ్‌స్పార్ తన చీలిక వెంట పెచ్చుగా లేస్తుంది, అభ్రకం రేకు ఊడివస్తుంది. పూస కన్నా పలుకే పెద్దదైతే శిల్పి ఏం చేస్తాడు!

అతను నల్లరాయి వైపు తిరిగాడు. గ్రానైట్ గట్టిపడ్డ ఎన్నో కోట్ల ఏళ్లకు దాని పగుళ్లలోకి మరో శిలాద్రవం ఎగదన్నింది. ఇరుకు సందులో త్వరగా చల్లారింది కనుక పలుకు సన్నబడింది. అదే డోలరైట్. లోతులో నిదానంగా చల్లారి ఉంటే ఇదే సరుకు ముతక పలుకుల గాబ్రో అయ్యేది. పైరాక్సీన్, ప్లేజియోక్లేజ్ పలుకులు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన ఈ రాయిని చెక్కడం సులువేమీ కాదు. అయితే చెక్కిన గీత చెక్కినట్టే నిలుస్తుంది, నునుపు పెడితే అద్దమవుతుంది. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని స్తంభాలు చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పలో గోడలకు ఎర్రటి ఇసుకరాయి వాడి, స్తంభాలనూ మదనికలనూ మాత్రం నల్లరాతిలోనే తీర్చారు. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు వజ్రపు తీగలతో కోసే యంత్రాలకు పలుగైనా ఒకటే, అభ్రకమైనా ఒకటే. కరీంనగర్ క్వారీల నుంచి చైనా దాకా వెళ్లే గోధుమరంగు గ్రానైట్‌కు గిరాకీ తెచ్చినవి శిల్పి వద్దనుకున్న ఆ పెద్ద ఫెల్డ్‌స్పార్ పలుకులే.