‘పిస్’ అనే మాట బూతు ఎప్పుడైంది?

ఇవాళ ఒక చిన్న ఇంగ్లిష్ మాట గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో పెద్దవాళ్లు పక్కనుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, మాట కాస్త మొరటుది.

ఆ మాట ‘పిస్’. దీనికే ‘యూరిన్’ అని ఉంది, ‘పీ’ అని ఉంది. మూడూ ఒకటే. డాక్టర్ దగ్గర యూరిన్ అంటారు, ఇంట్లో పీ అంటారు. పిస్ అంటే మాత్రం మొహం చిట్లిస్తారు. ఎందుకలాగ?

దీనికి మామూలుగా చెప్పే కారణం ఒకటుంది. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచారు. రాజు, దొరలు మాట్లాడేది ఫ్రెంచ్, రైతులు మాట్లాడేది పాత ఇంగ్లిష్. అందుకే దొరల మాట మర్యాద అయింది, రైతు మాట మోటు అయింది అంటారు. చాలా మాటలకి ఇది కరెక్టే. కానీ మన మాట దగ్గర ఈ లాజిక్ పనిచెయ్యదు. ఎందుకంటే పిస్ కూడా ఫ్రెంచ్ నుంచి వచ్చిందే! యూరిన్ లాటిన్‌లో పుట్టినా, ఇంగ్లిష్‌లోకి వచ్చింది ఫ్రెంచ్ దారిలోనే. ఇద్దరూ ఒకే బండి దిగారు. ఒకడు ఆస్పత్రిలో సెటిలయ్యాడు, ఇంకొకడు వీధిలో ఉండిపోయాడు.

అదీ వెంటనే జరగలేదు. 1611లో కింగ్ జేమ్స్ బైబిల్ వచ్చింది. 40 మందికి పైగా పండితులు కూర్చుని చేసిన అనువాదం, చర్చిల్లో పైకి చదవడానికి. అందులో మగవాళ్లని ‘గోడ మీద పోసేవాళ్లు’ అని చెప్పే హీబ్రూ నుడికారం ఒకటి ఆరుసార్లు వస్తుంది. అక్కడ వాళ్లు వాడింది ఈ మాటే. 1755లో వచ్చిన సామ్యూల్ జాన్సన్ డిక్షనరీలో కూడా ఈ మాట ఉంది. సెక్స్ బూతుల్ని వదిలేసిన జాన్సన్ దీన్ని ఉంచాడు.

తర్వాత 1833. అమెరికాలో డిక్షనరీలు రాసిన నోవా వెబ్‌స్టర్ అదే బైబిల్‌ని సవరించి అచ్చేశాడు. ఇలాంటి మాటలుంటే ఆడవాళ్లకి ఇబ్బంది, పిల్లలు బైబిల్ క్లాసులకి రావడానికే సిగ్గుపడతారు అన్నది ఆయన వాదన. పిస్‌ని తీసేశాడు. మరి ‘పీ’ సంగతి? అది పిస్ మాటలోని మొదటి అక్షరమే. పేరు పూర్తిగా పలకలేక ఇనీషియల్‌తో పిలిచారన్నమాట.

చూశారుగా, ఇన్నేళ్లలో మాట అర్థం మారలేదు. ఎవరి ముందు అనొచ్చు అన్న లెక్క మారింది.

మన దగ్గరా ఇదే కథ. ఉచ్చ అచ్చ తెలుగు, మూత్రం సంస్కృతం. చదువుకున్న మనం మూత్రం కూడా అనం, యూరిన్ అంటాం. పల్లె నుంచి వచ్చిన ఒక ముసలావిడ డాక్టర్ ముందు ‘ఉచ్చలో మంట బాబూ’ అంటే పక్కన క్యూలో నవ్వుతారు. ఆవిడ చెప్పింది బూతు కాదండీ, రోగం. ఆ నవ్వుకి భయపడి ఆవిడ ఇంకోసారి నోరు విప్పకపోతే నష్టం ఎవరికి?

ఇక ఇంగ్లిష్ మనకి పరాయి భాష. సిరీస్‌లు చూసి నేర్చుకున్న బూతు నాలుక మీద బరువనిపించదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ‘క్లయింట్ పిస్డ్’ అని తేలిగ్గా అనేయడం చాలాసార్లు విన్నా. అమెరికాలో ఆ మాటకి కోపంగా ఉన్నాడని అర్థం. అదే బ్రిటన్‌లో అయితే తాగి ఉన్నాడని! ‘అప్‌సెట్’ అంటే రెండు చోట్లా గొడవ లేదు.

అందుకే నేను పాటించేది ఇంతే. మాట్లాడేటప్పుడు నా మాట ఎంచుకుంటాను. వినేటప్పుడు అవతలివాళ్ల మాటని బట్టి వాళ్లని తూకం వెయ్యను. బ్రిటన్‌లో నర్సుగా ఉన్న మన తెలుగమ్మాయికి ఒక పేషెంట్ పిస్ అని చెప్పాడనుకోండి, అది తిట్టు కాదు. ఆయనకి వచ్చిన మాట అది, అంతే.