విద్యుచ్ఛక్తి మూలములు – ప్రాణనష్టము: ఒక చారిత్రక పరిశీలనము

బెంగుళూరు వీథులయందు విద్యుద్దీపములు 1905వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన వెలిగినవి. ఆ శక్తి కావేరీతీరమునందలి శివసముద్రమునుండి వచ్చినది. అంతకు మూడేండ్ల పూర్వమే, 1902లో, అది సుమారు 147 కిలోమీటర్ల దూరముననున్న కోలారు బంగారు గనులకు చేరియుండెను. ఆ గనులలో శ్రమించిన తెలుగువారు అనేకులు. శక్తి పుట్టుచోటు ఒకటి, వినియోగమగుచోటు వేరొకటి యగుట నాటినుండియే కలదు. వెలుగు ప్రయాణము చేయును. అపాయము పుట్టినచోటనే నిలిచిపోవును. కావున ఏ మూలము ఎంత ప్రాణాంతకమో నగరవాసులమగు మనకు సులభముగా గోచరింపదు.

మొదట బొగ్గును గూర్చి విచారింతము. 1985లో ఉత్పత్తి నారంభించిన రాయచూరు థర్మల్ కేంద్రమునకు సింగరేణి బొగ్గు వచ్చుచున్నది. సింగరేణి ప్రాంతమున, గోదావరిఖనిలోని ఒక భూగర్భగనిలోనికి 2003 జూన్ 16న నీరు చొచ్చి 17 మంది కార్మికులు మృతినొందిరి. అయినను బొగ్గువలన కలుగు మరణములలో అధికభాగము గనులలో కాదు, పొగవలన జరుగుచున్నది. ఊపిరితిత్తులను, హృదయమును మెల్లగా క్షీణింపజేయు ఆ మరణములు పత్రికల కెక్కవు.

జలవిద్యుత్తు నిరపాయమని పలువురి నమ్మకము. కాని 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భకేంద్రమున అగ్నిప్రమాదము సంభవించి 9 మంది మరణించిరి. 1975లో చీనాదేశమున బాన్‌చియావ్ ఆనకట్ట తెగి వేలకొలది జనులు నశించిరి.

అణుశక్తి యన్నచో 1986 నాటి చెర్నోబిల్, 2011 నాటి ఫుకుషిమా స్ఫురించును. మన రాష్ట్రమునందలి కైగాలో 1994లో నిర్మాణదశయందే గుమ్మటము కూలుటచే భయము మరింత పెరిగినది.

అయితే కొలత యేది? ఉత్పత్తియైన విద్యుత్తునకు ఎన్ని మరణములని చూచుటయే న్యాయము. అవర్ వరల్డ్ ఇన్ డేటా సంస్థవారు పైన చెప్పిన విదేశ దుర్ఘటనలను సైతము చేర్చి లెక్కించిరి. వందకోట్ల యూనిట్లకు బొగ్గువలన సుమారు 25, సహజవాయువువలన 3, జలవిద్యుత్తువలన ఒకటికి కొంచెము అధికము, గాలి 0.04, అణుశక్తి 0.03, సౌరశక్తి 0.02. ఇందు బొగ్గు, సహజవాయువుల అంకెలు ఐరోపాలోని కేంద్రముల ననుసరించి లెక్కించినవి.

ఒక్కదినమున ఘోషతో వచ్చు మృత్యువును చరిత్ర వ్రాసికొనును. ప్రతిదినము నిశ్శబ్దముగా వచ్చుదానిని మరచును. మన పిల్లలకు బెంగుళూరు దీపముల కథ చెప్పునపుడు శివసముద్రముతోపాటు గోదావరిఖని పేరును గూడ చెప్పుట మన విధి.