డాల్డా 13 తీసిన తస్వీర్లు

హోమయ్ వ్యారావాలా వాలిద్ ఉర్దూ-పార్సీ నాటకాల్లో నటుడు. ఈ సంగతి తెలిశాక, ఉర్దూ మీడియంలో చదివి అఖ్బార్లలో నౌకరీ చేసే నాకు ఆమె ఇంకాస్త దగ్గరయ్యారు. 1913లో గుజరాత్‌లోని నవ్‌సారీలో పుట్టారు. బచ్‌పన్ నాటక కంపెనీ వెంట ఊరూరా గడిచింది. కెమెరా పట్టడం మానెక్‌షా నేర్పారు, తర్వాత ఆయనతోనే షాదీ. మొదట్లో ఆమె తస్వీర్లు షోహర్ పేరుతోనే అచ్చయ్యేవి. ఔరత్ తీసిందంటే నమ్మేదెవరు? తర్వాత ‘డాల్డా 13’ పేరుతో వచ్చాయి. వనస్పతి డబ్బా అనుకునేరు! కారు నంబరు డిఎల్‌డి 13, మానెక్‌షాను కలిసింది పదమూడో ఏట.

1942లో ఢిల్లీ చేరారు. చీరలోనే, బరువైన కెమెరాతో సైకిల్ మీద తిరిగేవారు. 1947 జూన్‌లో తక్సీమ్‌కు ఔనంటూ కాంగ్రెస్ నాయకులు చేతులెత్తిన ఘడియ ఆమె తస్వీర్‌లో ఉంది. అది చూసినప్పుడల్లా నా కళ్లు ముఖాల మీద నిలవవు, ఆ చేతుల మీదే ఆగిపోతాయి. ఎన్ని ఖాందాన్‌లు చీలిపోయాయో!

1948 జనవరి 30న గాంధీజీ ప్రార్థనకు బయల్దేరితే, రేపు కలిసి వెళ్దామని షోహర్ వెనక్కి పిలిచారు. ఆ అఫ్సోస్ జిందగీ అంతా ఉండిపోయింది.

1969లో ఆయన ఇంతెకాల్ అయ్యారు. మరుసటి ఏడు ఆమె కెమెరా పక్కన పెట్టేశారు. కొత్త ఫోటోగ్రాఫర్లలో తమీజ్ లేదని ఆమె శికాయత్. 2012లో వడోదరలో కన్నుమూసేదాకా మళ్లీ ఆ వృత్తిలోకి రాలేదు.