రంగము నుండి నడిచి వచ్చినవారు

రెండవ ప్రపంచ సంగ్రామము మనకు దూరమున జరిగిన యుద్ధమని పలువురు తలంతురు. కాని విశాఖపట్టణము, శ్రీకాకుళము, కాకినాడ ప్రాంతముల వృద్ధులు ఒకచోట చేరి తమ బాల్యమును, తమ పెద్దలు చెప్పిన సంగతులను నెమరువేయుచుండగా విన్నవారికి, ఆ యుద్ధము మన యిండ్ల గడపలు దాటి లోనికి వచ్చినదని తేటతెల్లమగును.

రంగమునకు, అనగా బర్మాకు, పోయి కూలి చేసికొనుట నాడు ఉత్తరాంధ్ర జనులకు పరిపాటి. వారు ఓడలెక్కి పోయి, రంగూను రేవులో మూటలు మోసియు, బియ్యపు మిల్లులలో పనిచేసియు, కడుపు కట్టుకొని కూడబెట్టిన సొమ్మును ఇంటికి పంపుచుండిరి. 1941 డిసెంబరు 23న ఆ నగరముపై జపాను విమానములు బాంబులు కురిపించుటతో ఆ జీవనము తలక్రిందులయ్యెను. ఓడలో చోటు దొరకనివారు కొందరు ప్రోము నుండి టౌంగుప్ కనుమ దాటి అరకాను తీరమునకును, కొందరు తమూ మీదుగా మణిపురమునకును కాలినడకన బయలుదేరిరి. దారిలో కలరా సోకి ఎందరో మరణించిరి. బ్రతికి వచ్చినవారి కథలలో శత్రువు ప్రసక్తి స్వల్పము. గుక్కెడు నీటికై పడిన పాట్లును, నడువలేక దారిప్రక్కన ఆగిపోయిన తోబుట్టువులునే వాటినిండ నుండును.

1942 మార్చి 8న రంగూను జపాను వశమయ్యెను. చావు తప్పి స్వగ్రామము చేరినవారు ఊపిరి పీల్చుకొనక ముందే, ఏప్రిల్ 6న ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖ రేవుపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. ఏ బాంబులకు వెఱచి సముద్రమావలి నుండి పరుగిడి వచ్చిరో ఆ బాంబులే సొంతగడ్డపై ఎదురయ్యెను. పట్టణవాసులు ఇత్తడి బిందెలను నూతిలో దింపి, పిల్లలను ఎడ్లబండ్లపై కూర్చుండబెట్టి పల్లెలకు తరలిరి. మిగిలినవారు లాంతరు చిమ్నీకి నల్లకాగితము చుట్టి, ఆ మసక వెలుతురులోనే అన్నము తినిరి. మద్రాసు ప్రభుత్వము సైతము తన కార్యాలయములను పెక్కింటిని లోతట్టు ఊళ్ళకు తరలించెను. బర్మా బియ్యము రాక నిలిచిపోవుటచే, బాంబు చప్పుడు విననివారి వంటయింటికి కూడ యుద్ధము చేరెను.

ఇట్టి జ్ఞాపకములలో తేదీలు తారుమారగుట, మృతుల సంఖ్య పెరుగుట సహజము. అంతమాత్రమున వాటిని చరిత్రకారుడు త్రోసిపుచ్చరాదు. తేదీని దస్తావేజులతో సరిచూచుకొనవచ్చును. నౌకల పేర్లు నావికాదళ పత్రములలో దొరకును. కాని ముక్కు మొగము తెలియని కుటుంబమునకు ఏ పల్లెవాసులు తమ పశువులసావిడి ఖాళీచేసి ఇచ్చిరో, ఏ తల్లి తన వంతు గంజిని ఎవరి బిడ్డకు పోసెనో ఏ ప్రభుత్వ పత్రమును వ్రాసియుంచలేదు. నాడు పేలక మిగిలిన బాంబు నొకదానిని విశాఖ మ్యూజియములో భద్రపరచుకొంటిమి. దానికి వెఱచి పరుగిడిన మనుష్యుల మాటలను భద్రపరచుటకు మాత్రము అంతటి శ్రద్ధ చూపలేదు.

నాటి పసివారు నేడు ఎనుబదియైదేండ్లు దాటిన వృద్ధులు. ప్రతి కళాశాల చరిత్రశాఖయు, ప్రతి గ్రంథాలయమును తమ చుట్టుప్రక్కల పెద్దల మాటలను వారి యాసలోనే వ్రాసి యుంచవలెను. ఆ పని ప్రభుత్వాజ్ఞకై వేచియుండనక్కరలేదు. ఇంటిలోని తాతను, అవ్వను అడుగుటతోనే మొదలుపెట్టవచ్చును.