పికప్ ముందు భాగం లేపితే తేడా ఎక్కడొస్తుంది? ఇరుసు కాలం నుంచి ఓ పాత కథ

వానలు మొదలైతే పికప్ ఉన్న ప్రతి రైతుకీ ఒకటే ఆలోచన. ముందు రెండంగుళాలు లేపిస్తే గట్టు తగలదు, బురదలో బండి కడుపు ఆనదు కదా అని. లేపడం పెద్ద పనేం కాదు. ఆ తర్వాత టైరు ఒక అంచునే అరిగిపోయి, స్టీరింగ్ ఓ పక్కకి లాగుతూ, మలుపులో టకటకా చప్పుడొస్తుంటే అప్పుడు మొదలవుతుంది షెడ్డు చుట్టూ తిరగడం. ఇది మన ఊళ్లలోనే పుట్టిన రోగం కాదన్నా. అమెరికాలో పికప్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా పడుతున్న తిప్పలే ఇవి. ఆ చరిత్ర తెలిస్తే మన బండి కింద ఏముందో తెలుస్తుంది. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదట్లో అంతా ఎడ్లబండి లెక్కే. రెండు చక్రాలకీ ఒకటే ఇరుసు, దాని మీద కమాన్ పట్టీలు. ఫోర్డ్ కంపెనీ 1925లో తన మోడల్ టీ కారుకి వెనక తొట్టి బిగించి ఫ్యాక్టరీలోనే పికప్‌గా అమ్మింది. ధర 281 డాలర్లు. యుద్ధం రోజుల విల్లీస్ జీపుకీ, 1946లో వచ్చిన డాడ్జ్ పవర్ వ్యాగన్‌కీ ముందూ వెనకా గట్టి ఇరుసులే. మహీంద్రా వాళ్లు ఆ విల్లీస్ జీపునే బొంబాయిలో బిగించి అమ్మారు కాబట్టి, మన పెద్దోళ్లు నడిపిన జీపులకీ అదే పద్ధతి.

ఇరుసు బండిని లేపడం తేలిక. కమాన్ పట్టీల వంపు పెంచొచ్చు, ఇరుసు కింద ఉన్న కమానుని ఇరుసు పైకి మార్చొచ్చు. ఎంత లేపినా రెండు చక్రాలూ నిటారుగానే నిలబడతాయి, ఎందుకంటే వాటిని కలిపేది ఒకే ఇనప దూలం. తేడా వచ్చేది స్టీరింగ్ రాడ్డు దగ్గర. బండి పైకి పోతుంది, ఇరుసు కిందే ఉంటుంది, రెంటినీ కలిపే రాడ్డు ఏటవాలు పడుతుంది. ఇక గుంత తగిలినప్పుడల్లా మనం తిప్పకుండానే చక్రం పక్కకి తిరుగుతుంది. ఇంకోటి, ముందు ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనప దిమ్మె పెట్టించే పని ఎవరు చెప్పినా చేయకండి. బ్రేకు కొట్టినప్పుడు ముందు ఇరుసు మెలి తిరగబోతుంది, ఆ దిమ్మె జారితే ఇరుసే పక్కకి పోతుంది.

అయితే ఇరుసు బండి నడుములు విరగ్గొడుతుంది, అది మనకి తెలిసిందే. అందుకే 1960లో షెవర్లే తన పికప్‌లకి ముందు ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలేలా చేసింది. కమానుల బదులు పొడవాటి ఉక్కు కడ్డీ, టోర్షన్ బార్ అంటారు. ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస చక్రాన్ని మోసే చేతికి. చక్రం లేచినప్పుడు కడ్డీ మెలిపడి మళ్లీ విడుతుంది. మూడేళ్లకే దాన్ని తీసేసి కాయిల్ స్ప్రింగులకి మారారు. ఫోర్ వీల్ బండ్లకి మాత్రం ఇరుసే ఉంచారు.

ఫోర్డ్ వాళ్లది ఇంకో దారి. 1965లో ఒక దూలం బదులు రెండు దూలాలు పెట్టారు, ఒక్కో చక్రానికి ఒకటి. 1980లో ఫోర్ వీల్ పికప్‌లకీ అలాంటిదే తెచ్చారు. గట్టి సామాను, సందేహం లేదు. కానీ దాన్ని లేపి చూస్తే తమాషా బయటపడింది. దూలాల లోపలి కొసలు బండితో పాటు పైకి పోతాయి, బయటి కొసలు కిందికి వాలతాయి. చక్రాల పై భాగం బయటికి, కింది భాగం లోపలికి పోయి, బండి కాళ్లు ముడుచుకుని నిలబడ్డట్టు అవుతుంది. టైరు బయటి అంచు కరిగిపోతుంది. అందుకని స్ప్రింగులు మార్చినవాళ్లు ఆ దూలాల లోపలి కొసల్ని కూడా బ్రాకెట్లు పెట్టి కిందికి దించుకోవాల్సి వచ్చింది. స్ప్రింగు ఒక్కటే మార్చి చేతులు దులుపుకుంటే కుదరలేదు.

అసలు గొడవ టయోటాతో వచ్చింది. 1979 నుంచి అమెరికాలో వాళ్ల ఫోర్ వీల్ పికప్‌కి ముందు గట్టి ఇరుసే. 1986 మోడల్‌కి అది తీసేసి టోర్షన్ బార్ పెట్టారు. దారిలో మెత్తగా పోయేది, కానీ కొండల్లో తిరిగేవాళ్లు గుర్రుమన్నారు. కొత్త బండి కొని ముందు సామానంతా కోసేసి పాత ఇరుసు ఎక్కించినవాళ్లూ ఉన్నారు! 1988లో షెవర్లే కూడా ఫోర్ వీల్ పికప్‌లకి టోర్షన్ బారే పెట్టింది.

ఈ టోర్షన్ బార్‌తో వచ్చిన చిక్కేంటంటే లేపడం మరీ సులువైపోయింది. కడ్డీ చివర ఓ బోల్టు ఉంటుంది, పానా పెట్టి బిగిస్తే బండి లేస్తుంది. ఖర్చు లేదు. కానీ కడ్డీకి కొత్త బలమేం రాదు. చేతులు ముందే కిందికి వాలిపోయి ఉంటాయి, చక్రం ఇంకా కిందికి దిగడానికి జాగా మిగలదు. గుంత రాగానే పై చేయి ఆపే రబ్బరుకి ధన్‌మని కొట్టుకుంటుంది. ఫోర్ వీల్ అయితే చక్రాన్ని తిప్పే షాఫ్టు ఏటవాలుగా తిరుగుతుంది, జాయింటు మీది రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు బయటికి, బురద లోపలికి. మలుపులో టకటకా అనేది అదే. బాల్ జాయింటు కూడా ఎప్పుడూ ఓ కోణంలోనే పనిచేసి తొందరగా లూజవుతుంది.

అమెరికాలో దీనికి కనిపెట్టిన మందు పెద్దది. చేతులు బిగించే చోటునీ, ముందు డిఫరెన్షియల్‌నీ కూడా కిందికి దించే సెట్లు. కోణాలు మళ్లీ మామూలవుతాయి. కానీ మన ఖర్చుకి తూగే పనా అది? నాకైతే అనుమానమే. పైగా డిఫరెన్షియల్ కిందికొస్తే, గట్టు తగలకూడదని లేపిన బండికి అక్కడ కలిసొచ్చిందేంటి?

మన దగ్గర చూస్తే, 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్‌కీ, 2022లో వచ్చిన హైలక్స్‌కీ ముందు రెండు చేతులూ, కాయిల్ స్ప్రింగూ. బోల్టు బదులు ఇక్కడ స్ప్రింగు పైన దిమ్మె పెడతారు, అంతే తేడా. చేతులు వాలడం, బూటు చిరగడం అన్నీ అవే. చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే తేల్చింది. రేపు ఏదైనా జరిగి ఇన్సూరెన్స్‌కి పోతే మొదటి ప్రశ్న అక్కడే రావచ్చు.

ఇప్పటికే లేపించినవాళ్లు టమాటా లోడు ఎత్తే ముందు ఓ పని చేయండి. కింది చేతి కింద జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా లేపండి, ఛాసిస్ కింద స్టాండు ఉంచండి. టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. కటకటమని ఆడితే బాల్ జాయింటో, బేరింగో లూజైనట్టే. బాల్ జాయింటైతే అది మారేదాకా బండి తీయొద్దు. అది ఊడితే చక్రం పక్కకి మడత పడిపోతుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మాట వినదు.