బొమ్మలో కనపడని బిళ్ళ

స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నమూనా పూర్తిచేశాను. అసలులో నలభై ఎనిమిదో వంతు; రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి జానెడు! రంగులు, గుర్తులు, పైలట్ సీటు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక చిల్లుబిళ్ళ.

1940లో బ్రిటన్ ఆకాశంలో ఈ విమానం ముక్కు వంచి ఒక్కసారిగా కిందికి దూకితే, కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఎగదన్ని, ఆనక పొర్లి, ఇంజను ఆగేది. జర్మన్ విమానాలకి ఆ బెడద లేదు. వెనక తరిమే శత్రువు జాలిపడి ఆగుతాడా మరి?

1941లో ఫార్న్‌బరో పరిశోధనాలయంలోని ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్, పెట్రోలు దారిలో సన్నని చిల్లున్న చిన్న బిళ్ళ పెట్టించింది. ఇక కావలసినంతే వెళ్ళేది. మోటారుసైకిలెక్కి, విమానస్థావరాలు తిరిగి మరీ బిగింపించింది. జబ్బు పూర్తిగా పోలేదు గానీ ప్రాణగండం తప్పింది.

విమానదళంలో దాన్ని ‘మిస్ షిల్లింగ్ బిళ్ళ’ అనేవారు. ఆవిడకి 1938లోనే పెళ్ళయింది. బిళ్ళకి మాత్రం పుట్టింటిపేరే నిలిచిపోయింది!